సముద్రం ఖాతాలో రాయని పద్దు

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన కోస్తాలో పెద్ద కలకలం రేపింది. సంప్రదాయ పద్ధతిలో సాగేవి తప్ప, తీర నియంత్రణ పరిధిలో, అంటే కట్టడాలకు, తవ్వకాలకు ఆంక్షలున్న సముద్రతీర ప్రాంతంలో ఉన్న రొయ్యల చెరువులన్నిటినీ 1997 మార్చి 31లోగా తీసేయాలని అందులో ఉంది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసు అది. రైతుల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, అప్పులు తెచ్చి తవ్వించిన చెరువులవి. అయితే ఆ కేసులో అంతగా చర్చకు రాని విషయం ఇంకోటుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కోర్టుకు ఒక లెక్క ఇచ్చింది. రొయ్యల సాగు వల్ల తీరానికి, అక్కడి జనానికి జరిగే నష్టం ఆంధ్రప్రదేశ్‌లో సాగు ఆదాయానికి సుమారు నాలుగు రెట్లని, తమిళనాడులో ఒకటిన్నర రెట్లని దాని సారాంశం. ఉప్పుబారిన తాగునీళ్లు, పోయిన మడ అడవులు, జాలర్లకు మూసుకుపోయిన దారులు ఆ తీర్పులో చోటు చేసుకున్నాయి. మన తీరానికి డబ్బుల్లో విలువ కట్టి న్యాయస్థానం ముందు పెట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఇలా విలువ కట్టే పద్ధతికి పెద్ద ఊపు వచ్చింది అలాస్కాలో. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాతిదిబ్బకు గుద్దుకుని, సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. చేపలవాళ్ల నష్టం లెక్కకు అందుతుంది. ఎవరూ అమ్మని, ఎవరూ కొనని పక్షులకు, సీళ్లకు ధర ఎంత? ఆర్థికవేత్తలు దేశమంతటా నమూనాగా ఎంచుకున్న ఇళ్లకు వెళ్లి, ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా ఆపడానికి మీరెంత ఇస్తారని అడిగారు. జవాబులను వరసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలిచిన ఇల్లు ఇస్తానన్నది 30 డాలర్లకు కాస్త పైగా. అమెరికాలోని కుటుంబాలన్నిటికీ లెక్కిస్తే 280 కోట్ల డాలర్లయింది. అడిగితే చెప్పిన మాటకు డబ్బంత విలువ ఉంటుందా అని పెద్ద గొడవే జరిగింది. చివరికి నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వంలోని కమిటీ 1993లో, జాగ్రత్తగా చేస్తే ఈ పద్ధతి కోర్టు విచారణకు పనికొస్తుందని తేల్చింది.

1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం ఏకంగా భూగోళానికే లెక్క కట్టింది. ప్రకృతి చేసే సేవల విలువ ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లనీ, అందులో 63 శాతం సముద్రాలదేననీ అన్నారు. ఆ అంకె పేపర్ల పతాక శీర్షికలకు బాగానే పనికొచ్చింది. కానీ ఒక ఊరి రేవు దగ్గర ఏం కట్టాలో, ఏం కట్టకూడదో అది చెప్పదు.

నా దృష్టిలో అంతకంటే విలువైనది దక్షిణ థాయిలాండ్ లెక్క. ఎడ్వర్డ్ బార్బియర్, ఆయన సహచరులు మడ అడవిని రొయ్యల చెరువుతో పోల్చారు. హెక్టారు చెరువు మీద యజమానికి మిగిలేది 9,632 డాలర్లు. అందులో 8,412 డాలర్లు సర్కారు రాయితీల పుణ్యం. అవి తీసేస్తే సమాజానికి మిగిలేది 1,220. చెరువు పాడయ్యాక మడను మళ్లీ పెంచాలంటే 9,000 డాలర్ల పైమాటే. అదే మడను ఉన్నచోట ఉంచితే హెక్టారుకు 12,392 డాలర్ల మేలు. అందులో కట్టెలు, తేనె వంటివి 584, చేపపిల్లలకు నీడనిచ్చినందుకు 987, తుఫాను కెరటాల నుంచి కాచినందుకు 10,821. ఈ చివరి పద్దును దివిసీమ చూసిన మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశా కేంద్రపడా జిల్లాలో జరిగిన అధ్యయనం కూడా మడలు దట్టంగా ఉన్న ఊళ్లలో ప్రాణనష్టం తగ్గిందని తేల్చింది.

సముద్రంలో ఏ పని ఎక్కడ చేయొచ్చో గీతలు గీసి, దాన్ని మండలాలుగా విడదీసే ప్రణాళిక మాత్రం వేరే దారిలో వచ్చింది. 1967లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఎలిసన్ అనే పగడపు దిబ్బ చచ్చిపోయిందని, సున్నపురాయి తవ్వుకోనివ్వమని దరఖాస్తు వచ్చింది. డైవర్లు దిగి అక్కడ జీవం ఉందని చూపించారు, దరఖాస్తు పోయింది. 1975లో ఆ రీఫ్‌ను కాపాడే చట్టం వచ్చింది. 2004లో గీతలు తిరగగీసి, చేపలవేట పూర్తిగా నిషేధించిన భాగాన్ని 5 శాతం లోపు నుంచి 33 శాతానికి పెంచారు. వేట కోల్పోయినవాళ్లకు చాలా తక్కువ పరిహారం సరిపోతుందనుకున్న చోట 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అంత సంపన్న దేశం కూడా జాలరి పద్దు దగ్గరే లెక్క తప్పింది. 2006లో యునెస్కో ఈ ప్రణాళికల మీద సదస్సు పెట్టింది. 2014లో ఐరోపా సమాఖ్య ఆదేశం తెచ్చి, తన తీర దేశాలన్నీ 2021 మార్చి నాటికి ఇలాంటి ప్రణాళికల పటాలు సిద్ధం చేయాలంది.

మన దగ్గర ఏం జరిగింది? కూల్చమన్న చెరువుల్లో చాలావరకు నిలిచే ఉన్నాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, ఆ సాగును తీర నియంత్రణ నిషేధాల నుంచి తప్పించింది. ఉపాధి కోసం, ఎగుమతుల కోసం అన్నారు. అవి నిజమైన కారణాలే. కానీ నాలుగు రెట్ల నష్టం ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్నకు ఆ చట్టం సమాధానం చెప్పలేదు.

2019లో భారత్, నార్వే ఒప్పందం చేసుకుని పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో సముద్ర ప్రణాళికను నమూనాగా మొదలుపెట్టాయి. ఈలోగా 2024 నవంబరులో కేంద్రం సముద్రగర్భ ఖనిజాల తొలి వేలం ప్రకటించింది. అందులో కేరళలోని కొల్లం తీరం దగ్గరి ఇసుక కూడా ఉంది. ఆ చోటు చేపలకు పేరున్నది. దానికి నిరసనగా 2025 ఫిబ్రవరిలో కేరళ మత్స్యకారులు తీరమంతా బంద్ చేశారు.

రేపు ఆంధ్ర తీరానికి కూడా ఇలాంటి పటం వస్తుంది. గ్యాస్ బావికి లీజు కాగితం ఉంటుంది, పోర్టుకు హద్దులుంటాయి, రొయ్యల చెరువుకు లైసెన్సు ఉంటుంది. ఉప్పాడ జాలరి ఏ నెలలో ఏ చోట వల వేస్తాడో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కోరంగి మడల్లో పెరిగి సముద్రానికి చేరే చేపపిల్లలకూ అంతే. పటం మీద తొలి గీత గీయకముందే ఊరూరా కూర్చుని ఆ చోట్లు, ఆ నెలలు రాయించాలి, ఆ పద్దుకు థాయిలాండ్‌లోలాగా విలువ కట్టాలి. గీతలు గీశాక అడిగితే అక్కడ మాట్లాడేది పరిహారం గురించే.