టేపు ఉంది సరే, ఆడించే మెషీన్ ఏది?

పిల్లలూ,

మొన్న అటక మీద దొరికిన నల్ల క్యాసెట్టు పట్టుకుని "తాతయ్యా, ఇందులో ఎన్ని జీబీలు పడతాయి?" అని అడిగారు కదా, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అది వీడియో క్యాసెట్టు, ఆ రకాన్ని వీహెచ్‌ఎస్ అంటారు. పక్కనున్న బుల్లి బటన్ నొక్కి మూత పైకెత్తితే అర అంగుళం వెడల్పున ముదురు గోధుమరంగు టేపు కనిపిస్తుంది, వేలు మాత్రం పెట్టకండి. ఆ పట్టీ మీద పూసిన సన్నటి అయస్కాంత పొడిలోనే బొమ్మంతా ఉంటుంది. వీసీఆర్‌లో, అంటే క్యాసెట్టు ఆడించే మెషీన్‌లో, గిర్రున తిరిగే డ్రమ్ముకున్న హెడ్లు దాన్ని ఏటవాలు గీతలుగా రాస్తాయి, మళ్ళీ చదివేదీ హెడ్లే.

అంతకుముందు ఇళ్లలో ఫిల్మే. 1965లో కోడాక్ తెచ్చిన సూపర్ 8 రీలు మూడు నిమిషాల పైచిలుకు, అదీ ల్యాబులో కడిగించాకే చూడాలి. టేపు వచ్చాక తీసిన వెంటనే చూడొచ్చు, వద్దనుకుంటే దాని మీదే మళ్ళీ తీయొచ్చు. 1975లో సోనీ కంపెనీ బీటామాక్స్ క్యాసెట్టు, మరుసటేడు జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ వచ్చాయి. బీటా బొమ్మ బాగుంటుందని పేరున్నా మొదట్లో గంటే పట్టేది, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు, చివరికి జనం ఇటే మొగ్గారు.

నా లెక్కలో అసలు మార్పు 1995లో మినీడీవీ అనే చిన్న డిజిటల్ టేపుతో వచ్చింది. వీహెచ్‌ఎస్‌లో కాపీకి కాపీ తీస్తుంటే బొమ్మ మసకబారిపోయేది, డిజిటల్‌లో ఉండేవి అంకెలే కాబట్టి పదో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. ఆ తర్వాత డీవీడీలు, మెమరీ కార్డులు, ఫోన్లు, ఇవన్నీ మీకు తెలిసినవే.

కొత్తది వచ్చినప్పుడు పాత టేపు వెంటనే చచ్చిపోదు, ముందు పోయేది దాన్ని ఆడించే మెషీనే. 2016 మార్చిలో సోనీ బీటామాక్స్ క్యాసెట్లు ఆపేసింది, అదే ఏడాది జులైలో జపాన్‌కి చెందిన ఫునాయ్ వీసీఆర్ల తయారీ ఆపేసింది. నేనేమో "తర్వాత కాపీ చేద్దాంలే" అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. చివరికి మీ అమ్మ మొదటి పుట్టినరోజు టేపు పెడితే, తెల్లగా బూజు పట్టి ఉన్నా గమనించలేదు, వీసీఆర్ దాన్ని నమిలేసింది. పదకొండు నిమిషాలు మిగిలాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

ఇంకా ఆరు క్యాసెట్లు ఉన్నాయి, బాగా పనిచేసే వీసీఆర్ ఒకటి దొరికింది. బూజు లేనివే ముందు పెడదాం. రెండు గంటల టేపు కంప్యూటర్లోకి ఎక్కాలంటే రెండు గంటలూ ఆడాల్సిందే, తొందరపెట్టడం కుదరదు. పక్కన కూర్చుని అందులో ఎవరెవరున్నారో నేను చెబుతాను, మీరు పేర్లు రాసుకోండి.

మీ తాతయ్య