కాన్పు గదిలో ప్రోస్టాగ్లాండిన్లు: అపోహలు - వాస్తవాలు

మిసోప్రోస్టాల్, డైనోప్రోస్టోన్, కార్బోప్రోస్ట్ మూడూ ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు; వీటిని కాన్పు నొప్పులు రప్పించడానికో, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికో వాడతారు. అయినా మోతాదు, ఇచ్చే దారి, దాచే చోటు, తర్వాతి మందుకు ముందు ఆగాల్సిన సమయం దేనివి దానివే. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడినప్పుడే ఎక్కువగా ముప్పు వస్తుంది.

అపోహ: నొప్పులు రప్పించడానికి ఆక్సిటోసిన్ డ్రిప్ అయినా ఇవైనా ఒకటే.

కాదు. ఆక్సిటోసిన్ ముఖ్యంగా గర్భసంచి కండరాన్ని బిగిస్తుంది. డైనోప్రోస్టోన్, మిసోప్రోస్టాల్ ఆ పనితోపాటు గర్భాశయ ముఖద్వారంలోని కొల్లాజెన్ అల్లికను వదులు చేసి మెత్తబరుస్తాయి. అందుకే ముందు బిషప్ స్కోరు చూడాలి: ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తదనం, దిశ, బిడ్డ తల ఎంత దిగింది. స్కోరు 6 లేదా తక్కువ ఉంటే ముందు మెత్తబరచాలి. గట్టిగా మూసుకున్న ముఖద్వారం మీద ఒక్క డ్రిప్‌తో గంటల తరబడి నొప్పులు పెడితే తల్లి అలసిపోవడమే మిగులుతుంది.

అపోహ: 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ బిళ్లను ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 25.

లెక్క సరే, బిళ్ల అలా విరగదు. బ్లేడు కింద ఒక ముక్క పెద్దది, ఇంకోటి చిన్నది, కొంత పొడి. ఏ ముక్కలో ఎంత మందుందో కంటితో చెప్పలేం. 25 మైక్రోగ్రాముల బిళ్ల దొరికితే అదే వాడాలి. దొరక్కపోతే 200 బిళ్లను 200 మిల్లీలీటర్ల తాగునీటిలో కలపండి. అప్పుడు ఒక మిల్లీలీటరులో ఒక మైక్రోగ్రాము ఉంటుంది. సీసా మీద కలిపిన సమయం రాయండి. బిళ్ల పిండి అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపి, సిరంజితో 25 మిల్లీలీటర్లు కొలిచి తాగించాలి. రెండు గంటలకోసారి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. ప్రతి మోతాదుకు ముందు పొట్ట మీద చెయ్యి వేసి పది నిమిషాలు నొప్పులు లెక్కపెట్టండి, బిడ్డ గుండె వినండి. నొప్పులు సరిగ్గా అందుకుంటే తర్వాతి మోతాదు ఆపేయాలి. సమయం అయింది కదా అని ఇచ్చేయడం తప్పు.

అపోహ: మోతాదు పెంచితే కాన్పు త్వరగా అవుతుంది.

నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలోనే మాయకు రక్తం నిండుగా అందుతుంది. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు, అరగంట సగటున, వస్తుంటే ఆ విరామం కరువై బిడ్డ గుండె వేగం పడిపోవచ్చు. మింగిన మిసోప్రోస్టాల్‌ను వెనక్కి తీయలేం. యోనిలో పెట్టే 10 మిల్లీగ్రాముల డైనోప్రోస్టోన్ ఇన్సర్ట్‌కు మాత్రం టేపు ఉంటుంది, లాగితే వచ్చేస్తుంది. ఆ టేపు కొస చేతికి అందేలా ఉంచడం చిన్న విషయం కాదు. నొప్పులు మితిమీరితే తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, డ్రిప్ ఉంటే ఆపి, అవసరమైతే గర్భసంచిని వదులు చేసే టెర్బ్యుటాలిన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తారు.

ఆక్సిటోసిన్ మొదలుపెట్టే ముందు ఆగాల్సిన సమయం: ఇన్సర్ట్ తీశాక కనీసం 30 నిమిషాలు, మిసోప్రోస్టాల్ చివరి మోతాదు తర్వాత 4 గంటలు, డైనోప్రోస్టోన్ జెల్ తర్వాత 6 నుంచి 12 గంటలు.

అపోహ: మునుపు సిజేరియన్ అయినా తక్కువ మోతాదు మిసోప్రోస్టాల్ ఫర్వాలేదు.

నెలలు నిండిన గర్భంలో నొప్పులు రప్పించడానికి వద్దు. కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. అలాంటి తల్లికి మెత్తబరచడం తప్పనిసరైతే బెలూన్ క్యాథెటర్ (ముఖద్వారంలో పెట్టి కొస ఉబ్బించే గొట్టం) గురించి ఆలోచించాలి.

అపోహ: ఆస్తమా ఉంటే ప్రోస్టాగ్లాండిన్లన్నీ నిషేధం.

కార్బోప్రోస్ట్ శ్వాసనాళాలను బిగించేస్తుంది, ఆస్తమా ఉన్నవారికి ఇవ్వకూడదు. మిసోప్రోస్టాల్‌కు ఆ గుణం లేదు, కాన్పు తర్వాతి రక్తస్రావంలో వాడవచ్చు. మిగతావారికి కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండరంలోకే, నరంలోకి ఎప్పుడూ కాదు. మోతాదుల మధ్య కనీసం 15 నిమిషాలు, మొత్తం ఎనిమిదికి మించకూడదు. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే మరో మందు మిథైల్ఎర్గోమెట్రిన్; అధిక రక్తపోటు ఉంటే అది వద్దు. రక్తం కారుతుండగా కేసు షీటు తిరగేసే తీరిక ఉండదు కనుక ఆస్తమా, బీపీ వివరాలు చేరేటప్పుడే పెద్ద అక్షరాలతో షీటు మీద రాసి ఉండాలి.

అపోహ: మిసోప్రోస్టాల్ ఇచ్చాక వణుకు, జ్వరం వస్తే ఇన్ఫెక్షనే.

రక్తస్రావం ఆపడానికి నాలుక కింద 800 మైక్రోగ్రాములు ఇచ్చాక గంటలోపే వణుకు రావడం మామూలే, జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ కూడా దాటవచ్చు. దుప్పటి కప్పండి, వణుకు తగ్గాక తడిగుడ్డతో తుడవండి, పారాసిటమాల్ ఇవ్వండి. సాధారణంగా కొన్ని గంటల్లో దిగుతుంది. దిగకపోయినా, మర్నాడు మళ్లీ వచ్చినా అప్పుడు ఇన్ఫెక్షన్ వెతకాలి. ఇంకో మాట: ఆక్సిటోసిన్ అందుబాటులో ఉంటే రక్తస్రావానికి మొదటి మందు అదే. దానికి తోడుగా మిసోప్రోస్టాల్ కూడా ఇస్తే అదనపు మేలు కనిపించలేదు, వణుకు మాత్రం పెరిగింది.

అపోహ: బిళ్లే కదా, ఎక్కడ పెట్టినా పాడవదు.

మిసోప్రోస్టాల్‌కు శత్రువు తేమ. రేకు చించి మిగతా బిళ్లలను డబ్బాలో పోసి ఉంచితే బలం తగ్గిపోతుంది. పైకి బిళ్ల మాత్రం అలాగే కనిపిస్తుంది. వాడే నిమిషంలోనే రేకు విప్పండి. జెల్, కార్బోప్రోస్ట్ 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో, ఇన్సర్ట్ ఫ్రీజర్‌లో ఉండాలి.