ప్రీమియం బిల్లుగా మారిన రోజు: ఆరోగ్యశ్రీ బకాయిల వెనుక కథ

ఏటా వచ్చే జాతరలా 2025లోనూ ఆరోగ్యశ్రీ సమ్మె మళ్లీ వచ్చింది. సెప్టెంబరు 16 అర్ధరాత్రి నుంచి తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకం కింద వైద్యం చేసే ఆసుపత్రులు, కేసులు తీసుకోవడం ఆపేశాయి. సర్కారు రూ.100 కోట్లు విడుదల చేసి, మంత్రి కూర్చోబెట్టి మాట్లాడాక కొద్ది రోజులకు మళ్లీ మొదలుపెట్టాయి. అక్టోబరు 10 నుంచి ఆంధ్రప్రదేశ్ వంతు. అక్కడ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, గొడవ మాత్రం ఇదే. తమకు రావాల్సింది రూ.1,400 కోట్ల దాకా ఉందని తెలంగాణ ఆసుపత్రుల సంఘం అంటే, ఆంధ్ర సంఘం రూ.2,700 కోట్ల లెక్క చెప్పింది.

ఈసారి మాత్రం ఒక కొత్త సంగతి కలిసింది. కుటుంబానికి ఏడాదికి రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ చూసుకుంటుందని, ఆ పైన రూ.25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరిస్తుందని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరు మొదటి వారంలో తీర్మానించింది. పేదవాడి వైద్యాన్ని బీమా కంపెనీల చేతుల్లో పెడుతున్నారని ప్రతిపక్షం. బకాయిల రోగానికి ఇదే మందని అధికార పక్షం. టీవీ చర్చల్లో గంటలకొద్దీ ఇదే నడిచింది. ఈ హడావుడిలో ఇద్దరూ మరిచిపోయిన విషయం ఒకటుంది. ఈ పథకం పుట్టిందే బీమా పథకంగా.

వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర, సీఎం సహాయనిధికి గుట్టలుగా వచ్చిన దరఖాస్తులు, పసిపిల్లల గుండె ఆపరేషన్లు... ఆ కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ కాబట్టి వదిలేద్దాం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు పద్ధతి ఎలా ఉందో మాత్రం చూడాలి. తెల్ల కార్డున్న కుటుంబానికి ఏడాదికి రూ.1.5 లక్షలు, అది చాలకపోతే ఇంకో రూ.50 వేలు. టెండరు స్టార్ హెల్త్ కంపెనీకి దక్కింది. కుటుంబానికి ఇంత అని లెక్కగట్టి ప్రభుత్వం కంపెనీకి ప్రీమియం కట్టేది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి కంపెనీ డబ్బిచ్చేది. నడుమ పర్యవేక్షణకు ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు.

మూడు జిల్లాల నుంచి మొత్తం 23 జిల్లాలకు చేరడానికి పట్టింది పదిహేను నెలలే. ఇంత పెద్ద ఆలోచన ఇంత త్వరగా రాష్ట్రమంతా పరుచుకోవడం మన దగ్గర అరుదు. అదే కాలంలో 108 కూడా అలాగే విస్తరించింది, అది వేరే కథ. ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగికి దారి చూపే ఒక ఆరోగ్యమిత్ర. పల్లెల్లో మెడికల్ క్యాంపులు. రిపోర్టులు, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెడితే హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్లు చూసి ఇచ్చే అప్రూవల్. ఆసుపత్రిలో భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికి వెళ్లడానికి దారి ఖర్చులు. ఆఖరికి బస్సు చార్జీ గురించి కూడా ఆలోచించి పెట్టిన పథకమది.

నా లెక్కలో మలుపు మాత్రం 2008 జూలై 17. వార్షిక వేడుకల్లో, ప్రకటనల్లో ఎప్పుడూ కనిపించని తేదీ ఇది. ఆ రోజు ఆరోగ్యశ్రీ-2 మొదలైంది. బీమా కంపెనీ చూస్తున్న చికిత్సలు పాత పద్ధతిలోనే ఉన్నాయి. కొత్తగా చేర్చిన చికిత్సల ఖర్చు మాత్రం ట్రస్టే నేరుగా కట్టడం మొదలుపెట్టింది. రెండూ కలిపి 942 చికిత్సలు. తర్వాత కొన్నేళ్లకు బీమా కంపెనీ పూర్తిగా పక్కకు తప్పుకుంది, అన్నీ ట్రస్టు కిందికే వచ్చాయి.

అప్పట్లో దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు. మధ్యలో కంపెనీకి లాభం ఎందుకివ్వాలి, ఆ డబ్బుతో ఇంకో నాలుగు ఆపరేషన్లు చేయించవచ్చు కదా అన్నది ప్రభుత్వ వాదన. క్లెయిమ్ తిరస్కరించడంలోనే కంపెనీకి లాభముంటుంది, ట్రస్టుకు ఆ ఆశ ఉండదన్నది ఇంకో మాట. రెండూ నిజమే. అధికారులు ఇప్పటికీ ఇవే చెబుతారు. బిల్లులన్నీ ఒకేసారి రావని, దొంగ బిల్లులు ఏరాలంటే టైమ్ పడుతుందని, దశలవారీగా విడుదల చేస్తూనే ఉన్నామని కూడా అంటారు.

కానీ ఆ రోజు ఆర్థిక శాఖ పుస్తకాల్లో ఒక చిన్న మార్పు జరిగింది. ప్రీమియం కాస్తా బిల్లుగా మారింది. ప్రీమియం అంటే వైద్యానికి ముందు కట్టేది. కట్టకపోతే పాలసీ ఆగుతుంది, మర్నాటి పేపర్లో మొదటి పేజీ వార్త అవుతుంది. అందుకే ఏ ఆర్థిక శాఖైనా ఎక్కడో ఒకచోట సర్ది కడుతుంది. బిల్లు సంగతి అలా కాదు. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది. కుట్లు విప్పేశారు. రోగి ఇంటికెళ్లి నాలుగు రోజులు పథ్యం తిని పొలం పనిలో పడ్డాడు. ఇక మిగిలింది ఆసుపత్రి దగ్గరో కాగితం, ట్రస్టు దగ్గరో ఫైలు. జీతాలు, పింఛన్లు, అప్పుల కిస్తీలు పోయాక మిగిలినదాంట్లో ఆ ఫైలు వంతు వస్తుంది. ఆలస్యమైందని ఓటరు అడగడు, ఆసుపత్రి అడిగితే వినేవాళ్లుండరు.

ఆసుపత్రి వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే సమ్మె అనగానే మనకు అద్దాల మేడల కార్పొరేట్ ఆసుపత్రులు గుర్తొస్తాయి. సమ్మెల్లో ముందుండేది వాళ్లు కాదు. వాళ్లకు క్యాష్ పేషెంట్లున్నారు, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంది, ఆరోగ్యశ్రీ బిల్లు ఆరు నెలలు ఆగినా నడిచిపోతుంది. జిల్లా కేంద్రంలో యాభై పడకలు వేసుకుని నడిపే ఆర్థో డాక్టరుకో కిడ్నీ డాక్టరుకో ఆ వెసులుబాటు ఉండదు. ఆయన దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది కార్డు మీదే వస్తారు. ప్లేట్లు, స్క్రూలు, స్టెంట్లు సప్లయర్ దగ్గర అరువుకు తేవాలి. మూడు నెలలు దాటితే సప్లయర్ ఫోన్లు మొదలవుతాయి. నర్సుల జీతం, కరెంటు బిల్లు, ఆక్సిజన్ ఒకటో తారీకు దాటి ఆగవు. బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) పెట్టి తెచ్చిన డబ్బుతో ప్రభుత్వ పథకం నడుపుతున్నట్టు లెక్క. వడ్డీ ఆయనది, పేరు ప్రభుత్వానిది.

పైగా బిల్లు 'పాస్' కావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. ట్రస్టులో డాక్టర్లు చూసి ఓకే అన్నాక కూడా అది ఖజానా దాకా పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చెల్లింపుల వ్యవస్థ పేరు సీఎఫ్‌ఎంఎస్. అన్ని శాఖల బిల్లులూ అక్కడే క్యూ కడతాయి. కాంట్రాక్టరు వేసిన రోడ్డు, హాస్టల్ బియ్యం, గుండె ఆపరేషన్ అన్నీ ఒకే వరసలో. ట్రస్టు ఒప్పుకున్న బిల్లులు కూడా అక్కడ ఇరుక్కున్నాయన్నదే 2025 అక్టోబరు గొడవలో ఆంధ్ర ఆసుపత్రుల ప్రధాన ఫిర్యాదు. బిల్లు తప్పైతే కోసేయండి, ఒప్పైతే ఎప్పుడిస్తారో తేదీ చెప్పండి అన్నది వాళ్ల మాట. ఆ తేదీ మాత్రం ఎవరూ చెప్పరు.

రేట్ల సంగతీ ఇందులోదే. తెలంగాణలో చాలా ప్యాకేజీల రేట్లు 2013 నుంచి అలాగే ఉండిపోయాయి. 2024లో గానీ 1,375 చికిత్సలకు పెంచలేదు. అప్పుడే 163 కొత్త చికిత్సలు చేర్చారు, మొత్తం 1,835 అయ్యాయి. పదకొండేళ్లలో నర్సు జీతం ఎంత పెరిగిందో, మత్తు డాక్టరు ఫీజు ఎంతైందో ఏ ఆసుపత్రిలో అడిగినా చెబుతారు. రేటు పెరగలేదు గానీ పరిమితి మాత్రం ఎన్నికల వేలంపాటలా పెరుగుతూ పోయింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో కొత్త ప్రభుత్వం పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలు చేసింది. సరిగ్గా తొమ్మిది రోజులకు, డిసెంబరు 18న ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం రూ.25 లక్షలు చేసింది. హోర్డింగుల మీద అంకె బాగుంటుంది, నిజమే. కానీ ఎక్కువ కేసులు రెండున్నర లక్షల లోపే తేలిపోతాయి. ఆంధ్ర ప్రభుత్వం 2025లో బీమాకు గీత సరిగ్గా అక్కడే గీసింది. అంటే పరిమితి ఎంత పెంచినా ఎక్కువమంది రోగులకు అదనంగా వచ్చేదేమీ లేదు. వాళ్లకు కావాల్సింది పక్క ఊరి ఆసుపత్రి కార్డు తీసుకోవడం.

2019 ఆగస్టులో ఇది మా ఇంటిదాకా వచ్చింది. తెలంగాణలో అప్పుడూ సమ్మే, అప్పుడూ వేల కోట్ల మాటలే. మా మేనమామకు రెండు స్టెంట్లు వేయాలన్నారు. అప్రూవల్ వచ్చింది. మర్నాడు పొద్దున వెళ్తే ఆరోగ్యమిత్ర టేబుల్ ముందు అద్దానికి ఏ-4 కాగితం అంటించి ఉంది: "ఆరోగ్యశ్రీ సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడినవి." టేబుల్ వెనకున్న అమ్మాయి కంప్యూటర్‌లో అప్రూవల్ చూపిస్తూనే ఉంది. ఆకుపచ్చ అక్షరాల్లో తేదీతో సహా. "మామయ్యా, నా చేతుల్లో ఏం లేదు" అంది. పక్క కౌంటర్లో క్యాష్ కడితే మాత్రం అదే రోజు, స్టెంట్లు వేసే అదే క్యాత్‌ల్యాబ్‌లో, అదే డాక్టరు వేస్తానన్నాడు. మేం సగం అప్పు తెచ్చి కట్టాం. ఆ ఆసుపత్రి పేరు రాయను గానీ, బకాయిల గురించి వాళ్లు చెప్పిన ప్రతి మాటా నిజమని నాకు తెలిసినా, ఆ పక్క కౌంటర్ మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

ఎవరు అధికారంలో ఉన్నారన్నది ఇందులో పెద్ద తేడా కాదు. 2019లో తెలంగాణలో ఉన్నది టీఆర్‌ఎస్. 2024 మేలో, పోలింగ్ అయ్యి ఫలితాలు ఇంకా రాకముందే, ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రులు ఆపినప్పుడు వైఎస్సార్‌సీపీ. 2025 జనవరిలో, మళ్లీ సెప్టెంబరులో తెలంగాణలో కాంగ్రెస్. అదే ఏడాది ఏప్రిల్‌లో, అక్టోబరులో ఆంధ్రలో తెలుగుదేశం కూటమి. మధ్యలో పథకం పేరు రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్లీ ఎన్టీఆర్ అని మారుతూ వచ్చింది. మారనిది 2008 నాటి చెల్లింపు పద్ధతి ఒక్కటే.

మన దగ్గర నుంచి నేర్చుకున్న రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తమిళనాడు 2009లో కలైంజ్ఞర్ పథకం తెచ్చింది. కంపెనీ అదే స్టార్ హెల్త్. 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా అని మార్చినా బీమా దారి వదల్లేదు, ప్రభుత్వ రంగంలోని యునైటెడ్ ఇండియాకు ఇచ్చింది. కర్ణాటక మన పేరునే పట్టుకెళ్లి వాజ్‌పేయి ఆరోగ్యశ్రీ అని పెట్టుకుంది, ట్రస్టు దారి పట్టింది. 2018లో ఆయుష్మాన్ భారత్ తెచ్చినప్పుడు కేంద్రం బీమా, ట్రస్టు, రెండూ కలిపిన పద్ధతి అని మూడింటినీ ముందుంచి రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. చాలా రాష్ట్రాలు ట్రస్టునే ఎంచుకున్నాయి. కేరళ బీమా వదిలి 2020లో సొంత ఏజెన్సీ పెట్టుకుంది, ఆ తర్వాత అక్కడా ఆసుపత్రుల నుంచి బకాయిల కేకలే. ప్రీమియం ముందు కట్టక్కర్లేని పథకం ఏ ఆర్థిక మంత్రికైనా ముద్దే కదా.

ప్రభుత్వ ఆసుపత్రుల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. గర్భసంచి ఆపరేషన్లు అవసరం లేకున్నా చేసేస్తున్నారని గోల లేచాక, అవి సహా 133 చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. బిల్లు డబ్బులో కొంత ఆపరేషన్ చేసిన బృందానికి, కొంత ఆసుపత్రి బాగుకు ఇవ్వాలన్న నిబంధనా పెట్టారు. ఆ దారిని గట్టిగా పట్టుకుని ఉంటే జిల్లా ఆసుపత్రిలో ఈపాటికి ఆర్థో, గుండె, కిడ్నీ విభాగాలు నిలబడేవి, సమ్మె వచ్చిన రోజు రోగికి వెళ్లడానికి ఒక తలుపుండేది. కానీ ప్రభుత్వాసుపత్రులకూ ఆ డబ్బు ఇదే క్యూలోంచి రావాలి. బకాయిల గురించి సమ్మె చేసే హక్కు సూపరింటెండెంట్‌కు లేదు కాబట్టి వాళ్ల గోడు వార్తల్లోకి రాదు.

2025లో ఆంధ్ర ప్రభుత్వం చెప్పిన కొత్త పాలసీలో 1.63 కోట్ల కుటుంబాలు, 3,257 చికిత్సలు. ఆరు గంటల్లో అప్రూవల్, పదిహేను రోజుల్లో బిల్లు అన్నారు. ప్రీమియం మళ్లీ ముందే కట్టాల్సి వస్తుంది కాబట్టి ఆర్థిక శాఖకు మునుపటిలా వాయిదా వేసే వీలు తగ్గుతుంది. ఆసుపత్రులకు ఇందులో నచ్చగలిగేది అదే. కంపెనీ చిన్న చిన్న లొసుగులతో క్లెయిములు కొట్టేస్తుందన్న భయం వాళ్లకూ లేకపోలేదు. 2007లో ఉన్నవి కొన్ని వందల చికిత్సలే, 2025 నాటికి మూడు వేలు దాటాయి. కంపెనీ ఎంత ప్రీమియం అడుగుతుందో, ఆ మొత్తాన్ని ఏటా సమయానికి కడతారో లేదో అప్పటికి తేలలేదు.

తెలంగాణలో అప్పటికి ఇలాంటి మార్పు ఊసే లేదు. అక్కడ సమ్మె ఆగింది నెలనెలా ఇస్తామన్న హామీ మీద.

ఇక ఆంధ్ర సంఘం అడిగిన రూ.2,700 కోట్లు కొత్త పాలసీ లెక్కలోకి రావు. బీమా కంపెనీ బాధ్యత పాలసీ మొదలైన రోజు నుంచే. అంతకు ముందు చేసిన ఆపరేషన్ల కాగితాలన్నీ ట్రస్టు దగ్గరే, సీఎఫ్‌ఎంఎస్ క్యూలోనే ఉంటాయి.