పెళ్లి క్యాసెట్లు, ఫైర్‌వైర్ కార్డు

నెల్లూరు, కావలి, ఒంగోలు స్టూడియోల బీరువాల్లో వెతికితే పాత పెళ్లిళ్ల మినీ డీవీ క్యాసెట్లు (చిన్న డిజిటల్ వీడియో టేపులు) బయటపడతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలంటే కెమెరా ఒక్కటే ఉంటే చాలదు, కంప్యూటర్‌కు ఫైర్‌వైర్ పోర్టు, అంటే కెమెరా నుంచి వీడియో లాగే కేబుల్ పెట్టే చోటు, ఉండాలి. కొత్త కంప్యూటర్లలో అది రావడం లేదు.

తమాషా ఏమంటే, యూఎస్‌బీతో పోటీలో ఓడిపోయిన ఈ ఫైర్‌వైరే పుట్టుకతో గట్టిది. 1995లో ప్రమాణమైనప్పుడే దాని వేగం సెకనుకు 400 మెగాబిట్లు. మరుసటేడు వచ్చిన యూఎస్‌బీకి 12 దాటదు, మౌసు, కీబోర్డులకైతే ఒకటిన్నరే. ఫైర్‌వైర్‌లో కంప్యూటర్ ప్రమేయం లేకుండానే కెమెరా నుంచి రికార్డరుకు నేరుగా వీడియో పంపొచ్చు. యూఎస్‌బీ పరికరమైతే కంప్యూటర్ అడిగితేనే పలుకుతుంది.

యూఎస్‌బీకి కలిసొచ్చిందీ అదే. తెలివంతా కంప్యూటర్ వైపే ఉండటంతో మౌసులో చవక చిప్పు సరిపోయింది. కంప్యూటర్ వైపు పనిని ఇంటెల్ తన చిప్‌సెట్‌లోనే (మదర్‌బోర్డు మీద ఎలాగూ ఉండే చిప్పుల్లోనే) కలిపేసింది. మదర్‌బోర్డు కొంటే చాలు, పోర్టు అడక్కుండానే వచ్చేది. ఫైర్‌వైర్‌కు విడిగా చిప్పు కొనాలి. అది చాలదన్నట్టు 1999లో ఫైర్‌వైర్‌ను రూపొందించిన యాపిల్ పోర్టుకో డాలర్ రాయల్టీ అడిగింది. గొడవయ్యాక 25 సెంట్లకు దిగింది గానీ, పైసా పైసా లెక్కేసే బోర్డు తయారీదారులు ఫైర్‌వైర్ వద్దనుకోవడానికి ఆ మొదటి మాటే చాలు. 2000లో యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద 480కి చేరింది. పెద్ద ఫైళ్ల కాపీలో ఫైర్‌వైరే ముందుండేది, అయినా ఎవరికి పట్టింది? చివరికి యాపిల్ సొంత ఐపాడ్‌లో పాటలెక్కించడానికి కూడా 2005లో యూఎస్‌బీయే దిక్కయింది.

ఇక క్యాసెట్ల పని. డెస్క్‌టాప్‌ మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో ఫైర్‌వైర్ కార్డు బిగించాలి. కేబుల్‌కు ఒక కొస ఆరు పిన్నులది, కెమెరా వైపు నాలుగు పిన్నులది. ఫైర్‌వైర్‌ను యూఎస్‌బీగా మారుస్తామనే చవక అడాప్టర్ల జోలికి పోవద్దు. వాటిలో తీగలు కలిపి ఉంటాయంతే, మార్చే చిప్పు ఉండదు. విండోస్ 10లో కార్డు కనిపించి కెమెరా కనిపించకపోతే 'లెగసీ' (పాత తరం) డ్రైవర్ వేసి చూడాలి. గంట క్యాసెట్టుకు గంటా పడుతుంది, డిస్కులో 13 జీబీ దాకా తింటుంది. డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, ఇరవై నిమిషాలు నిండకుండానే అడ్డం పడుతుంది. అందుకని ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకోవాలి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఆరు పిన్నుల ప్లగ్గును తిరగేసి నొక్కడం. పోర్టు వదులైతే అది లోపలికి వెళ్లిపోతుంది, కరెంటు డేటా తీగల్లోకి పాకి కెమెరా చిప్పు కాలుతుంది. కంప్యూటర్ ఆపేసి ఆ కొస ముందు పెట్టాలి, కెమెరా తర్వాత.