"నాకు పిల్లలందరూ ఒక్కటే": మనకు తెలియకుండా చూపే వలపక్షంపై అపోహలు – వాస్తవాలు

పంక్తిలో వలపక్షం పనికిరాదని మన ఇళ్లలో చిన్నప్పుడే చెబుతారు. వడ్డించేటప్పుడు ఎవరి విస్తట్లో ఏం పడిందో అందరికీ కనిపిస్తుంది. తరగతి గదిలో అలా కనిపించదు. ప్రశ్న ఎవరిని అడిగాం, తప్పు చెబితే ఎవరికి ఇంకోసారి ఆలోచించుకునే వీలిచ్చాం, ఎవరి పేరు ఒక్కసారైనా పిలవకుండానే గంట కొట్టేశారు... ఇవేవీ మన లెక్కలోకి రావు. హైదరాబాద్ శివార్లలోని హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. టీచర్ల శిక్షణల్లో ఈ విషయం ఎత్తినప్పుడల్లా ఎదురయ్యే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాలో పక్షపాతం లేదు. నాకు పిల్లలందరూ ఒక్కటే.

వాస్తవం: నేనూ ఇదే అనేదాన్ని. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బహుపదులు చెబుతూ, తోటి టీచర్‌ను వెనక బెంచీలో కూర్చోబెట్టి ఎవరిని ఏం అడుగుతున్నానో గీతలు పెట్టమన్నాను. ఆ పీరియడ్‌లో 19 ప్రశ్నలు అడిగాను. అందులో 12 అబ్బాయిలకే వెళ్లాయి. మా తరగతిలో అమ్మాయిలే ఎక్కువ! అంతకంటే నన్ను బాధపెట్టింది ప్రశ్నల తీరు. "ఎందుకలా అయింది?" అన్నవన్నీ అబ్బాయిలకు, "సూత్రం చదువమ్మా" అన్నవి అమ్మాయిలకు. గోడవైపు మూడో బెంచీలో కూర్చునే తండా పిల్లలిద్దరి పేర్ల పక్కన ఒక్క గీత కూడా లేదు. "ఆడపిల్లకు లెక్కలెందుకు" అన్న మాటలు వింటూనే ఎమ్మెస్సీ చదివినదాన్ని నేను. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది.

అపోహ: వివక్షను తాము అనుభవించినవాళ్లు ఇతరులపై చూపరు.

వాస్తవం: చూపుతారు. ఫలానావాళ్లు ఇంతే అన్న ముద్రలు అందరం పీల్చే గాలిలోనే ఉన్నాయి. రీమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. జవాబు పత్రాల పై పేజీలో పిల్లల కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలను యాదృచ్ఛికంగా మార్చి టీచర్లతో దిద్దించారు. నిమ్న కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కొంచెం తగ్గాయి. తేడా చిన్నదే, మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనంలో 0.03 నుంచి 0.08 వంతు వరకు. అయితే ఆ తగ్గింపు ఎక్కువగా వచ్చింది నిమ్న కులాల టీచర్ల చేతుల నుంచే.

పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో పేరు, బడి కనపడకుండా కోడ్ నంబరుతో పత్రాలు ఇస్తారు కదా. ఆ పద్ధతి యూనిట్ టెస్టులకు ఎందుకు వద్దు? నేను పేరు చివరి పేజీ వెనక రాయిస్తున్నాను. మొదటి ప్రశ్న అందరిదీ దిద్దాకే రెండో ప్రశ్నకు వెళ్తాను. చేతిరాత గుర్తుపడతామన్నది నిజమే, అయినా చాలా తేడా ఉంటుంది.

అపోహ: మన మనసులో ఏముంటే ఏం, పిల్లలకు తెలియదుగా.

వాస్తవం: కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల చేత కాగితం మీద దారి వెతికే చిక్కుముళ్లు విప్పించారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలు, నిమ్న కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివాక నిమ్న కులాల పిల్లల ఫలితం పడిపోయింది. చిక్కుముళ్లు అవే, పిల్లల తెలివీ అదే.

ఇది చదివాక "స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చాయి, ఎస్సీ ఎస్టీ పిల్లలు లేవండి" అన్న మాట తరగతిలో వినపడితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఫారాలు ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వచ్చు. పది నిమిషాల పని.

అపోహ: మాట శుద్ధంగా లేని పిల్లలకు చదువు అంతంతమాత్రమే.

వాస్తవం: శ్రీకాకుళం నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన దంపతుల అబ్బాయి, బోర్డు దగ్గర "ఎక్స్ అటేపు ఎల్లిపోతే మైనస్ అయిపోద్ది మేడం" అన్నాడు. మెట్టు నూటికి నూరుపాళ్లు సరైనదే. తరగతి ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా వారాలు ఆ పిల్లాడు చెయ్యెత్తలేదు. మా తెలంగాణ యాసను సినిమాల్లో ఏళ్ల తరబడి రౌడీలకు, హాస్యానికి అంటగడితే బాధపడిన మనుషులమే మేమంతా! ఇప్పుడు ఎవరు ఏ యాసలో చెప్పినా, ముందు ఆ జవాబును చెప్పినట్టే బోర్డు మీద రాస్తాను.

అపోహ: ఒకరోజు శిక్షణతో, ఆన్‌లైన్ పరీక్షతో ఈ పక్షపాతం బయటపడుతుంది, పోతుంది.

వాస్తవం: మనకు తెలియకుండా ఉండే పక్షపాతాన్ని కొలవడానికి 1998లో వచ్చిన, బాగా పేరున్న ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్టును ఒకే మనిషి రెండుసార్లు రాస్తే స్కోరు మారిపోవచ్చు. 2019లో 492 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, అలాంటి పరీక్షల స్కోర్లు కాస్త మారినా ప్రవర్తన ఆ మేరకు మారిన ఆధారం దొరకలేదు. నన్నడిగితే మనసును కడిగే ప్రయత్నం కన్నా పద్ధతి మార్చడం మేలు. నా టేబుల్ మీద ఒక డబ్బాలో రోల్ నంబర్లు రాసిన ఐస్‌క్రీం పుల్లలుంటాయి. ప్రశ్న ముందు అడిగి, అయిదు సెకన్లు ఆగి, అప్పుడు పుల్ల తీస్తాను. బెదిరిపోయే పిల్లలు పక్కవాళ్లతో మాట్లాడుకుని చెప్పచ్చు.

అపోహ: ఇవి తరతరాల ముద్రలు, మారవు.

వాస్తవం: పశ్చిమ బెంగాల్‌లో గ్రామ ప్రధాన్ పదవి రిజర్వేషన్ వల్ల వరుసగా రెండుసార్లు మహిళకు దక్కిన ఊళ్లను పరిశోధకులు చూశారు. భవిష్యత్తుపై అబ్బాయిల ఆశలకు, అమ్మాయిల ఆశలకు మధ్య ఉన్న తేడా మిగతా ఊళ్లతో పోలిస్తే 32 శాతం తగ్గింది. చదువులో తేడా పూర్తిగా పోయింది. అమ్మాయిలు ఇంటిపనికి పెట్టే సమయమూ తగ్గింది.

ఈ వారంలో ఒక పీరియడ్‌కు తోటి టీచర్‌ను పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టండి. సీటింగ్ ప్లాన్ గీసిన కాగితం, ఒక పెన్ను ఇస్తే చాలు. గీతలు పెట్టిన ఆ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు.