బెత్తెడు రీలు నలిగిన పాట

1986లో నాకు 14 ఏళ్లు. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక చిన్న దుకాణం ఉండేది. పాటల జాబితా రాసిస్తే రెండు రోజుల్లో 60 నిమిషాల క్యాసెట్టు నింపి ఇచ్చేవారు. నా జాబితా నిండా డిస్కో పాటలే. ఎలక్ట్రానిక్ డ్రమ్ములు, సింథసైజర్, చరణానికీ చరణానికీ మధ్య ఉరుకులు పెట్టే వయొలిన్లు. “అన్నమయ్య కీర్తనలు మోగే ఊళ్లో ఈ డబడబలేమిటి?” అని మా పెదనాన్న కసిరేవారు. రోకటి పాటల సువ్వినీ, వసంతం ఆటల జాజరనూ కీర్తనల్లోకి తెచ్చుకున్నవాడు ఆ అన్నమయ్యే అని అప్పట్లో నాకు తెలియదు. తెలిస్తే తప్పక చెప్పేవాణ్ణి.

ఒకరోజు టేప్ రికార్డరులో రీలు చిక్కుకుంది. మెల్లగా బయటికి లాగి, పెన్సిలు దూర్చి తిప్పి చుట్టాను. బెత్తెడు మేర నలిగిపోయింది. క్యాసెట్టు రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే రెండో చరణం ముందు సుమారు ఒకటిన్నర సెకను పాటు గొంతు బావిలోకి దిగినట్టు మసకబారి, మళ్లీ పైకి తేలేది. ఇప్పుడు ఫోనులో అదే పాట ఏ మచ్చా లేకుండా వస్తుంది. అయినా ఆ చోటు దగ్గరపడగానే నా చెవి మసకబారే గొంతు కోసం కాచుకుంటుంది.

ఈ కాచుకోవడం వెనక ఏముందో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వేలరీ సలీంపూర్, రాబర్ట్ జటోరే బృందం 2011లో చూపించింది. సంగీతం వింటే ఒళ్లు జలదరించే వారిని ఎంచుకుని, వారికి ఇష్టమైన సంగీతాన్నే వినిపిస్తూ మెదడును పరిశీలించారు. ఒళ్లు జలదరించే క్షణంలో న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలో, ఆనందంతో ముడిపడిన డోపమిన్ అనే రసాయనం విడుదలైంది. అంతకు కొన్ని సెకన్ల ముందే, “అదిగో వస్తోంది” అని ఎదురుచూసే వేళ, కాడేట్ అనే మరో భాగంలో విడుదలైంది. ఎదురుచూడాలంటే ముందేం వస్తుందో తెలిసి ఉండాలి. నా మెదడు ఆ పాటను నలిగిన రీలుతో సహా నేర్చుకుంది.

జటోరే, ఆన్ బ్లడ్ అనే పరిశోధకురాలు కలిసి 2001లో చేసిన ప్రయోగంలోని ఒక ఏర్పాటు నాకు మరీ నచ్చింది. ఒకరికి ప్రాణమైన సంగీతాన్ని మరొకరికి పోలిక కోసం వినిపించారు. ఒకరిని జలదరింపజేసిన సంగీతం పక్కవారిని కదిలించలేదు. మా పెదనాన్నకూ నాకూ జరిగిన వాదమంతా ఇక్కడే ఉంది.

సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే మనిషికి ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. దాన్ని పట్టుకుని “నీకు పాట మీద ప్రేమ లేదు, నీ వయసు మీద ప్రేమ” అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆ వయసులో బస్సుల్లో, పెళ్లిళ్ల మైకుల్లో వందల పాటలు విన్నాను. చాలావరకు మరిచిపోయాను. మిగిలినవాటిలో పనితనం ఉంది. మద్రాసు స్టూడియోల్లో పదుల మంది వాద్యకారులు కలిసి కూర్చుని వాయించిన సంగీతం అది. డ్రమ్ము ఒక్కసారిగా ఆగి, బేస్ గిటారు ఒంటరిగా నాలుగడుగులు నడిచి, వయొలిన్లన్నీ కలిసి మీద పడే చోటు వినండి. తేలిక పాట అని తీసిపారేసేవారు ఆ చోటు వరకైనా ఆగి వినాలి.

కరోల్ క్రమ్‌హాన్సెల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన పరిశోధనలో మరో సంగతి బయటపడింది. 20 ఏళ్ల యువతకు తమ కాలపు పాటలతో పాటు, అమ్మానాన్నల యవ్వనంలోని పాటల మీద కూడా మమకారం కనిపించింది. ఇంట్లో మోగేది పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది కదా.

మా అబ్బాయికి ఊహ తెలిసే నాటికి ఆ క్యాసెట్టు ఇంకా పనిచేసేది. ఇప్పుడు వాడికి నా పాటలంటే చిన్నచూపే. మొన్న చంద్రగిరి నుంచి వస్తూ స్కూటరు మీద ఆ పాటనే కూనిరాగం తీశాడు. రెండో చరణం ముందు గొంతు కిందికి దించి, ఒకటిన్నర సెకను ఆగి, మళ్లీ పైకి తెచ్చాడు.