చట్టం చెప్పకుండా వదిలేసిన మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

చట్టంలో ఒక మాటకు రెండు అర్థాలు వస్తే, ప్రభుత్వ శాఖ చెప్పినది చెల్లాలా, న్యాయమూర్తికి తోచినదా? అమెరికాలో నలభై ఏళ్లపాటు శాఖదే పైచేయి. దాని అర్థం సమంజసంగా ఉంటే చాలు, జడ్జి తన అభిప్రాయాన్ని పక్కన పెట్టాల్సిందే. షెవ్రాన్ సూత్రమంటే ఇదే.

అది పుట్టిన తగాదా చిత్రమైనది. గాలి బాగా చెడిన ప్రాంతాల్లో పెద్ద కాలుష్య 'మూలాన్ని' కొత్తగా పెట్టాలన్నా, మార్చాలన్నా అనుమతి తీసుకోవాలని 1977 నాటి చట్టం. మూలమంటే ఒక్కొక్క యంత్రమా, మొత్తం కర్మాగారమా? మొత్తం కర్మాగారమేనని 1981లో పర్యావరణ పరిరక్షణ సంస్థ తేల్చింది. అంటే ఒకచోట పొగ పెరిగినా, మరోచోట అంత తగ్గిస్తే అనుమతి అక్కర్లేదు. పర్యావరణవాదులు కోర్టుకెక్కారు, కింది కోర్టులో గెలిచారు. 1984లో సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో కింది కోర్టు తీర్పును కొట్టేసి, సంస్థ చెప్పిన అర్థాన్నే నిలబెట్టింది. కాబట్టి ఈ సూత్రం మొదట కలిసొచ్చింది ఆ కేసులో కక్షిదారైన షెవ్రాన్ అనే చమురు కంపెనీకే. తర్వాతి రోజుల్లో కంపెనీలే దాన్ని తిట్టిపోశాయి!

దాన్ని కూల్చింది హెర్రింగ్ చేపల పడవలవాళ్లు. ఎంత చేప పడుతున్నారో చూడటానికి పడవలో పరిశీలకుడు ఉండాలి. ఇరుకు పడవలో అతనికి చోటివ్వడం సరే, జీతం కూడా యజమానే ఇవ్వాలంది శాఖ. రోజుకు 710 డాలర్ల దాకా కావచ్చని అంచనా. ఆ చేపల విషయంలో డబ్బు ఎవరివ్వాలో చట్టంలో లేదు. 2024 జూన్ 28న ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పు రాస్తూ, చట్టానికి అర్థం చెప్పడం కోర్టుల పని అన్నారు. శాఖ మాట వినవచ్చు, కట్టుబడనక్కర్లేదు.

జస్టిస్ కేగన్ ఒప్పుకోలేదు. ఒక ప్రాంతపు ఉడుతలు మిగతావాటికంటే వేరైన గుంపా కాదా అన్నది జడ్జీలకేం తెలుస్తుందన్నది ఆమె వాదన. నాకు ఆమె వైపే మొగ్గు. అయితే ప్రభుత్వం మారినప్పుడల్లా అదే మాటకు శాఖ కొత్త అర్థం చెబుతుంటే, పడవవాడు దేన్ని నమ్మాలన్న ప్రశ్నా తేలికైనది కాదు.

ఇంకో ముచ్చట. 1981లో ఆ పర్యావరణ సంస్థకు అధిపతి ఆన్ గోర్సచ్. 2024లో సూత్రాన్ని కొట్టేసిన ఆరుగురిలో ఒకరైన నీల్ గోర్సచ్ ఆమె కొడుకే. అయినా అమ్మ హయాంలో చెప్పిన అర్థానికి ముప్పు రాలేదు: షెవ్రాన్‌తో సహా పాత తీర్పులు అలాగే చెల్లుతాయని రాబర్ట్స్ రాశారు.

మీ తాతయ్య